మన వీధిలోని పిల్లలకు చదవడం రావాలంటే: కాలనీవాళ్లు కలిసి సర్కారు బడిని బాగుచేసుకునే పద్ధతి

మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఊరు పెరిగాక చివర్లో వెలసిన కాలనీలో ఉంటాం. రెండేళ్ల కిందట పక్కింటి అక్కకి ఒక పెళ్లి శుభలేఖ వచ్చింది. నాలుగో తరగతి చదివే కొడుకు చేతికిచ్చి, "ముహూర్తం ఎన్నింటికో చదువు నాన్నా" అంది. వాడు కార్డు అటూ ఇటూ తిప్పాడు. "శు... భ..." అన్నాడు. తర్వాతి అక్షరం మీద వేలు పెట్టి నావైపు చూశాడు.

వాడు బడి ఎగ్గొట్టే పిల్లాడు కాదు. నోటుబుక్కు తెరిచి చూస్తే బోర్డు మీది జవాబులన్నీ ముత్యాల్లా దించి ఉన్నాయి. నాలుగేళ్లుగా వాడు చూసి రాస్తున్నాడు, అంతే. చదవడం రాదు. తల్లికి అక్షరం ముక్క రాదు కాబట్టి ఆమెకు తెలియలేదు. నేను డిగ్రీ దాకా చదివాను, రోజూ మా అరుగు మీద ఆడుకునే పిల్లాడే, అయినా ఒక్కసారి కూడా చదివించి చూడలేదు కాబట్టి నాకూ తెలియలేదు.

అప్పటినుంచి మా కాలనీలో ఏం చేశామో, ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో వరసగా రాస్తున్నాను. నేను ఇంట్లో టైలరింగ్ చేసుకుంటాను. టీచర్‌ని కాను, లీడర్‌ని కాను. నాలాంటివాళ్లు చేయగలిగిన పనులే ఇందులో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం

బడి బాగుపడాలంటే అందరం కూర్చుని మీటింగ్ పెట్టుకోవాలి, కమిటీ వేసుకోవాలి, అర్జీ ఇవ్వాలి అని మనకు వెంటనే తోస్తుంది. 2005-06లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో, పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వంటి ఆర్థికవేత్తలతో కలిసి 280 ఊళ్లలో దీన్నే పరీక్షించి చూసింది. కొన్ని ఊళ్లలో గ్రామ విద్యా కమిటీ గురించి, దాని అధికారాల గురించి జనానికి చెప్పి చర్చలు పెట్టారు. కొన్నింటిలో దాంతోపాటు పిల్లల చదువు ఎలా ఉందో ఊరివాళ్లే పరీక్షించుకునేలా చేశారు. ఇంకొన్నింటిలో ఈ రెండూ చేసి, పైగా ఊళ్లోని యువతకు పిల్లలకు చదవడం నేర్పే పద్ధతిలో నాలుగు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి రెండు రకాల ఊళ్లలో పిల్లల చదువులో కదలిక రాలేదు. మూడో రకం ఊళ్లలో, యువత నడిపిన తరగతులకు వెళ్లిన పిల్లలకు చదవడం బాగా మెరుగుపడింది. కమిటీలో తమ పేరుందని సభ్యులకే తెలియని ఊళ్లు కూడా అక్కడ కనబడ్డాయి.

అందుకే నేను చెప్పే వరసలో పిల్లల పక్కన కూర్చోవడం ముందు వస్తుంది, కమిటీ తర్వాత వస్తుంది. మీటింగులు వద్దని కాదు. చేతిలో పిల్లల చదువు లెక్క లేకుండా మీటింగ్‌కి వెళితే మాట ఎప్పుడూ గోడలకు రంగుల దగ్గరికి, కాంపౌండ్ దగ్గరికి పోతుంది. మేం రెండుసార్లు అలా పోయాం.

మొదటి అడుగు: వీధి లెక్క రాసుకోండి

ముగ్గురుంటే చాలు. అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లయితే ఇళ్లలోకి వెళ్లడం తేలిక. ఒక పొడవు నోటుబుక్కు కొనండి. సాయంత్రం ఏడు దాటాక, లేదా ఆదివారం పొద్దున వెళ్లండి. కూలికి వెళ్లేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు అప్పుడే దొరుకుతారు. పిల్లల పేరు, వయసు, ఏ బడి, ఏ తరగతి, బడి మానేస్తే ఎప్పుడు మానేశారు, ఇంట్లో చదువు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు, ఇంతే రాయండి. ఆధార్ అడగొద్దు, సంతకం అడగొద్దు. కాగితం మీద సంతకం అనగానే మా దగ్గర రెండిళ్లవాళ్లు తలుపేసుకున్నారు.

ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలనూ రాయండి. వాళ్లకు చదవడం వచ్చేసిందని అనుకోకండి. పైగా రేపు ఫీజు కట్టలేక సర్కారు బడికి వచ్చేది ఆ ఇళ్ల పిల్లలే.

ఈ ఇంటింటి లెక్క కొత్త సంగతేం కాదు. శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది ఇలా ఇల్లిల్లూ తిరిగే. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల మాట. తల్లిదండ్రులకు చదువంటే ఇష్టం లేదనే మాటను వాళ్లు ఒప్పుకోలేదు. ఈ కృషికే ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మా కాలనీలో తిరిగాక నాకూ అదే అర్థమైంది. "మా వాడికి చదువొద్దు" అన్న ఇల్లు ఒక్కటీ తగల్లేదు. "ఎవర్ని అడగాలో తెలియలేదమ్మా" అన్న ఇళ్లు చాలా తగిలాయి.

రెండో అడుగు: ప్రతి పిల్లాడూ ఎక్కడున్నాడో చూడండి

దీనికి పెద్ద పరీక్షేం అక్కర్లేదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో ఇళ్లకు వెళ్లి చూసే అసర్ సర్వే 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో జరుగుతోంది. అందులో వాడే పద్ధతి ఎవరైనా చేయగలిగినంత సులువు. ఒక అట్ట మీద నాలుగు భాగాలు రాయండి. మొదట పది అక్షరాలు. తర్వాత బడి, నీరు, మేక, పూలు, కాకి లాంటి చిన్న పదాలు. తర్వాత ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా. చివర రెండో తరగతి స్థాయిలో ఎనిమిది పది వాక్యాల కథ. పేరా దగ్గర మొదలుపెట్టండి. చదివితే కథకు వెళ్లండి, ఆగితే పదాలకు, అక్కడా ఆగితే అక్షరాలకు రండి. అయిదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పదం స్థాయి వచ్చినట్టు. పేరాలో మూడు తప్పుల దాకా ఫర్వాలేదు, కానీ పదం పదం విడదీసి కాకుండా వాక్యంలా చదవాలి. లెక్కలకూ ఇలాగే: 1 నుంచి 9 అంకెలు, 11 నుంచి 99 సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగహారం.

మన తెలుగులో ఒక చిక్కుంది. గుణింతం పిల్లలకు పాటలా వచ్చేస్తుంది. "క కా కి కీ" అని గడగడా అప్పజెప్పే పిల్లను నడిమధ్యలో "కె" మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే, మళ్లీ మొదట్నుంచి పాడుకుంటూ అక్కడిదాకా వస్తుంది. అది చదవడం రావడం కాదు. అందుకని అక్షరాలు వరస తప్పించి రాయండి. ఒత్తుల దగ్గర ఎక్కువమంది ఆగుతారు. 'కాకి' చదివిన పిల్లాడు 'కుక్క' దగ్గర నిలబడిపోతాడు. ఎక్కడ ఆగాడో పక్కన రాసుకుంటే తర్వాత ఏం నేర్పాలో తెలిసిపోతుంది.

ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి, మిగతా పిల్లలు వినకుండా. పరీక్ష అని చెప్పొద్దు. "నాకు ఈ కథ చదివి పెట్టవా" అనండి. ఫలితం తల్లిదండ్రులకు మాత్రమే, అదీ పిల్లాడి ముందు కాకుండా చెప్పండి. మొదటిరోజు నేను ఇది పాటించలేదు. ఒకమ్మాయికి పదాలు రావని పదిమందిలో అనేశాను. వాళ్ల నాన్న అక్కడే చెయ్యెత్తాడు. ఆ అమ్మాయి నెలన్నర మా గుమ్మం తొక్కలేదు. అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

మా దగ్గర సగంమందికి పైగా పదాల దగ్గరే ఆగిపోయారు. మనసు చివుక్కుమంది గానీ దేశమంతా ఇదే పరిస్థితి. అసర్ లెక్కల ప్రకారం సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. రెండేళ్లలో పెరిగింది. పెరగడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

మూడో అడుగు: బడి గురించి తెలుసుకుని వెళ్లండి

ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చిన యూడైస్ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది. సాధారణంగా బడి గోడ మీదే రాసి ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే పిల్లలెందరు, టీచర్లెందరు, మరుగుదొడ్లెన్ని, నీళ్లున్నాయా అన్నీ వస్తాయి. కాగితం మీదున్నదీ, కంటికి కనిపించేదీ ఒకటేనా అని చూసుకోండి.

విద్యాహక్కు చట్టం 2009లో నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. ఏడాదికి అయిదో తరగతి దాకా 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు జరగాలి. తల్లిదండ్రులతో తరచూ సమావేశమై పిల్లల హాజరు, చదువు గురించి చెప్పడం టీచర్ బాధ్యతల్లో ఒకటి. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదు.

ఇక్కడ మనకు ఇంకోటి కూడా అర్థం కావాలి. 47 మంది పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లంటే లెక్క సరిపోయినట్టే. కానీ తరగతులు అయిదు. ఒక టీచర్ ఒకే గదిలో మూడు తరగతులు చూడాలి. అందులో ఒకరిని 'వర్క్ అడ్జస్ట్‌మెంట్' అని వేరే బడికి పంపితే మిగిలినవాళ్లు అయిదు తరగతులూ చూసుకుంటూ, మధ్యాహ్న భోజనం లెక్క చూసుకుంటూ, యాప్‌లో ఫొటోలు పెట్టుకుంటూ ఉంటారు. ఇది తెలిశాక నాకు టీచర్ల మీదున్న కోపం చాలావరకు పోయింది.

నాలుగో అడుగు: హెడ్‌మాస్టర్‌ని కలవడం

మేం మొదటిసారి పద్నాలుగు మందిమి వెళ్లాం. తరగతులు జరిగే టైమ్‌లో. మాలో ఒకాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. పిల్లల ముందు గట్టిగా మాట్లాడాం. ఆ తర్వాత రెండు నెలలపాటు మాకు ఆ గేటు మూసుకుపోయింది. తప్పు మాదే.

రెండోసారి ముగ్గురం వెళ్లాం. ముందురోజు ఫోన్ చేసి, సాయంత్రం బడి వదిలాక రమ్మంటారా అని అడిగాం. ఇవ్వాల్సింది చేతిలో పెట్టుకుని వెళ్లాం: కాలనీ పిల్లల జాబితా, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారన్న కాగితం. "మేడమ్, సాయంత్రాలు మేం పిల్లలతో కూర్చుంటాం. ఎవరికి ఏది నేర్పమంటారో చెప్పండి" అన్నాం. ఆమె ఆ కాగితం చాలాసేపు చూసి, బీరువాలోంచి తన రిజిస్టర్ తీసింది. పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కింద పిల్లల స్థాయిలు ఆమె కూడా రాసి పెట్టుకుంది. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు కలిశాయి. కలవని పేర్ల దగ్గర "వీడు నా దగ్గర భయపడి చదవడేమో" అని ఆమే అంది. ఆ రోజు నుంచి బడి లైబ్రరీ బొమ్మల పుస్తకాలు వారానికి పది చొప్పున మా ఇంటికి వస్తున్నాయి.

మొదటి మాటలో ఫిర్యాదు ఉండకూడదు. మరుగుదొడ్డి సంగతి, టీచర్ లేటుగా రావడం సంగతి మూడో నాలుగో కలయికలో మాట్లాడండి. అప్పటికి వాళ్లే చెబుతారు కూడా.

అయిదో అడుగు: సాయంత్రం గంట

అన్నిటికంటే ఎక్కువ ఓపిక దీనికే పెట్టాలి. మిగతావి కొంచెం అటూ ఇటైనా ఇది ఆగకూడదు.

చోటు: తలుపులు లేని చోటైతే మంచిది. అరుగు, కమ్యూనిటీ హాల్ వరండా, గుడి మండపం, చర్చి ఆవరణ, ఏదైనా సరే. అన్ని ఇళ్ల పిల్లలూ మొహమాటం లేకుండా రాగలిగిన చోటు కావాలి. మా దగ్గర గుడి అనుకుని, కొన్ని ఇళ్లవాళ్లు రావడానికి వెనకాడడం చూసి మా వరండాకి మార్చాం. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. చీకటి పడేలోపు చిన్నపిల్లలు ఇల్లు చేరాలి. డబ్బు తీసుకోవద్దు. తీసుకుంటే అది ట్యూషన్ అవుతుంది, కట్టలేని ఇంటి పిల్లాడు రెండో వారమే ఆగిపోతాడు.

చెప్పేవాళ్లు: మేం నలుగురం. ఇంటర్ చదివే ఒకమ్మాయి, డిగ్రీ కుర్రాడు, ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన పెద్దాయన, నేను. ఒక్కో గుంపుకి ఇద్దరిని పెట్టుకోండి. డిగ్రీ కుర్రాడు కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లిపోయినప్పుడు జత ఉండబట్టే గుంపు చెదరలేదు.

పిల్లలను తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. అక్షరాల గుంపులో రెండో తరగతివాళ్లూ అయిదో తరగతివాళ్లూ కలిసే ఉంటారు. పెద్దపిల్లలకు మొదట్లో చిన్నతనంగా ఉంటుంది. వాళ్లకు ఏదో ఒక బాధ్యత ఇవ్వండి, పుస్తకాలు లెక్కబెట్టడమో, చాపలు పరచడమో. నెల తిరిగేసరికి పై గుంపులోకి పోతారు, ఆ చిన్నతనం వాళ్లకే గుర్తుండదు. ప్రథమ్ దేశమంతా చేసి చూసిన పద్ధతి ఇదే.

గంటలో ఏం చేస్తామంటే, ముందు పది నిమిషాలు ఒక కథ నేను పైకి చదువుతాను, పిల్లలు వేలు పెట్టుకుంటూ వెంట వస్తారు. తర్వాత అదే కథ ఒక్కొక్కరూ. కథలోంచి ఒక పదం పట్టుకుని దాన్ని విడదీసి, కలిపి ఆడతాం. ఒత్తులు నేర్పడానికి పుస్తకం కంటే వాళ్లకు తెలిసిన మాటలే నయం: అమ్మ, అన్నం, బస్సు, చెప్పులు, మొక్కజొన్న. ఒకసారి కండక్టర్ గారు బస్సు బోర్డుల మీది ఊళ్ల పేర్లు అట్టముక్కల మీద రాసి తెచ్చారు. సత్తుపల్లి, కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు. "ఈ బస్సెక్కితే ఎక్కడ దిగుతావురా" అని అడుగుతుంటే, 'త్త'కీ 'ల్ల'కీ తేడా ఒక్క సాయంత్రంలో పట్టేశారు పిల్లలు.

లెక్కలకు చీపురుపుల్లలు. పది పుల్లలకు రబ్బరుబ్యాండు వేస్తే ఒక కట్ట. 42లోంచి 17 తీసేయమంటే నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ముందు పెడతాడు. ఏడు పుల్లలు తీయబోతే రెండే ఉన్నాయి. కట్ట విప్పాలి. 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఆ రబ్బరుబ్యాండు తీయడమేనని వాడి వేళ్లకు తెలుస్తుంది. నాలుగో తరగతి దాకా గీతలు కొట్టి లెక్కేసిన పిల్లలు కూడా వారం పదిరోజుల్లో ఇది దాటారు.

రోజూ రావాలి. వారానికి రెండు రోజులైతే పిల్లలు మర్చిపోతారు. మూడు నెలలు గట్టిగా నడిపి, పండగలకు ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. ఏడాదంతా లాగితే చెప్పేవాళ్లూ అలసిపోతారు.

ఆరో అడుగు: కమిటీలోకి వెళ్లండి

ఇప్పుడు కమిటీ సంగతి. చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. హెడ్‌మాస్టర్ సభ్య కన్వీనర్‌గా ఉంటారు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. బడి మరమ్మతులు, నీళ్లు, కరెంటు పనులు వాటి చేతుల్లో ఉన్నాయి. మీ కాలనీలో పొదుపు సంఘం ఉంటే అదే మీకు దగ్గరి దారి.

ఎన్నిక ఎప్పుడో ముందే కనుక్కుని, ఆ రోజు తల్లిదండ్రులు పని మానుకునైనా వచ్చేలా చూడండి. ఎవరూ రాకపోతే నలుగురి పేర్లు రాసేసి సంతకాలు తీసుకోవడం మామూలే. చదువురాని తల్లి కమిటీలో ఉండడానికి జంకుతుంది. పక్కింటి అక్కని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. "నాకేం తెలుసని పోను" అంది. "నీ కొడుక్కి శుభలేఖ చదవడం రాలేదని నీకు తెలుసు కదక్కా, అదే చెప్పు" అన్నాను. ఇప్పుడు ఆమె సభ్యురాలు. మీటింగ్ పుస్తకంలో వేలిముద్ర వేసే ముందు, రాసిందంతా చదివి వినిపించమంటుంది. ఇది అందరూ పట్టుబట్టాల్సిన విషయం.

కమిటీ చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం. అందులో గోడలతోపాటు "డిసెంబర్‌కల్లా మూడో తరగతి పిల్లలందరూ పేరా చదవాలి" లాంటి వాక్యం ఒకటైనా ఉండేలా చూడండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడికి వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10,000 రూపాయలు, 100 దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగడం సభ్యుల హక్కు. నిలదీసే గొంతుతో అడగొద్దు. లెక్క పుస్తకం ప్రతి మీటింగ్‌లో చదవడం అలవాటైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పార్టీలను గుమ్మం బయటే ఉంచండి. మా దగ్గర ఒక నాయకుడు బెంచీలు ఇప్పిస్తానని, ఫొటో పెట్టి ఫ్లెక్సీ కడతానని వచ్చాడు. బెంచీలు నేరుగా బడికి ఇవ్వండి, ఫ్లెక్సీ వద్దన్నాం. ఆ బెంచీలు రాలేదు. అయినా మంచిదే అయింది, ఎందుకంటే రెండో పార్టీ ఇళ్లవాళ్లు మాతోనే ఉన్నారు.

ఏడో అడుగు: రాని పిల్లల వెంట పడండి

మా వైపు జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయలు ఏరే కాలం. తల్లులు పొద్దున్నే ట్రాలీ ఆటోల్లో వెళ్లిపోతారు, పెద్దపిల్ల చంటిపిల్లను చూసుకోవడానికి బడి మానేస్తుంది. తిట్టి లాభం లేదు. అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి చంటిపిల్లలను పొద్దున్నే అక్కడికి చేర్చే ఏర్పాటు చేశాం. అలా ఆరుగురు ఆడపిల్లలు తిరిగి బడికి వెళ్లారు. వీధికొకరు పొద్దున తొమ్మిదింటికి ఎవరు బయల్దేరలేదో చూసి ఆ ఇంటికి వెళ్లి అడగాలి. మూడు రోజులు వరసగా రాకపోతే టీచర్‌కి చెప్పాలి. బడి మొదలైన వారం, సంక్రాంతి సెలవుల తర్వాతి వారం ఎక్కువ జాగ్రత్త. జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఇళ్లకు వస్తారు, వాళ్లతో కలిసి తిరగండి.

ఎనిమిదో అడుగు: అన్నం, నీళ్లు, మరుగుదొడ్డి

వడ్డించే ముందు ఒక టీచర్‌తో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు భోజనం రుచి చూడాలని నిబంధన ఉంది. తల్లులు వంతులు వేసుకుని వెళ్లండి. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతులవాళ్లకు 150 గ్రాములు లెక్క. పప్పు నీళ్లలా ఉంటే వంట చేసే అక్కలను అందరి ముందూ అనేయకండి. చాలాచోట్ల బిల్లులు ఆలస్యమై వాళ్లు కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతుంటారు. ఆ బిల్లు గురించి కమిటీ తీర్మానం రాయించడం మీరు చేయగలిగిన సాయం.

మరుగుదొడ్డిని వెళ్లి చూడండి. తలుపుకి గడియ ఉందా, నీళ్లొస్తున్నాయా, తాళం చెవి ఎవరి దగ్గరుంది? మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి రికార్డుల్లో ఉంది, వాడకంలో లేదు, గడియ విరిగిందంతే. ఎనభై రూపాయల గడియ.

తొమ్మిదో అడుగు: పైకి రాయాల్సి వస్తే

టీచర్ ఖాళీ, కూలిపోయేలా ఉన్న గది, ఇలాంటివి బడి చేతుల్లో లేవు. ఒక అర్జీలో ఒకటే సమస్య రాయండి. తేదీలు, పిల్లల సంఖ్య, ఫొటో, కమిటీ తీర్మానం నకలు జతచేయండి. ముందు మండల విద్యాధికారి, తర్వాత జిల్లా విద్యాధికారి (డీఈఓ), ఆ పైన కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి. ప్రతిచోటా రసీదు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారమే అర్జీలు తీసుకుంటారు. వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద వెళ్లిన టీచర్ కోసం మేం మూడు సోమవారాలు వెళ్లాం. హెడ్‌మాస్టర్‌కి ముందే చెప్పి వెళ్లాం కాబట్టి ఆమె మా మీద అలగలేదు, కావాల్సిన లెక్కలన్నీ ఆమే ఇచ్చింది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి. గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇది చివరి మెట్టు. బడి మీదే మొదట ఆర్టీఐ వేస్తే ఇన్నాళ్లు కట్టుకున్న నమ్మకం పోతుంది.

డబ్బు గురించి ఒక్క మాట. చందాలు మన చేతుల్లో పెట్టుకోవద్దు. ఇచ్చేవాళ్లు వస్తువు కొని నేరుగా బడికి ఇవ్వాలి, స్టాక్ రిజిస్టర్‌లో రాయించాలి. ఇక్కడ చదువుకుని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు అడుగుతుంటారు, ఏం పంపమంటారని. కథల పుస్తకాలు, వాటర్ ఫిల్టర్, ఒక ర్యాక్, ఇంతే చెప్పండి.

మళ్లీ చూసుకోవడం

జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తారు. జూన్‌లో వీధి లెక్క, జులైలో చదువు చూడడం, ఆగస్టు నుంచి సాయంత్రం గంట. డిసెంబర్‌లో అదే అట్ట, అదే పద్ధతి, కానీ కథ మార్చి మళ్లీ చూడాలి. ఏప్రిల్‌లో ఇంకోసారి. పేర్లు లేకుండా, ఏ స్థాయిలో ఎంతమంది ఉన్నారో ఒక చార్టు రాసి కమిటీ మీటింగ్‌లో పెట్టండి. పైకి కదలని పిల్లలు ఎక్కడైనా ఉంటారు. వాళ్లలో కొందరికి కంటిచూపు సమస్య. మా దగ్గర ఇద్దరికి అద్దాలు పెట్టించాక అక్షరాలు వచ్చాయి. అందుకే జులైలోనే పీహెచ్‌సీ నుంచి కంటి పరీక్ష అడగండి. మేం డిసెంబర్ దాకా గమనించలేదు, ఆ ఇద్దరికీ అయిదు నెలలు పోయాయి.

పక్కింటి అక్క కొడుకు మొదటి డిసెంబర్‌కి పేరా దాకా వచ్చాడు. కథలో ఒత్తుల దగ్గర ఇంకా తడబడ్డాడు. ఏప్రిల్‌లో కథ మొత్తం చదివాడు, కొంచెం నెమ్మదిగా. ఇప్పుడు ఆరో తరగతి, హైస్కూల్‌కి వెళ్తున్నాడు. భాగహారం ఇంకా సరిగ్గా రాలేదు. ఆదివారాలు వస్తున్నాడు, పుల్లల కట్టలతో దాని మీదే కూర్చుంటున్నాం.